అతిథి వదిలి వెళ్లిన వాటా

రోజలిన్ గదిలోకి వచ్చిన మనిషి కుర్చీలో కూర్చోలేదు. చేపల గంప గుమ్మం బయట దించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవారగా నిలబడింది.

"కూర్చోండి పోతమ్మగారూ," అంది రోజలిన్.

ఆ 'గారూ' వినగానే పోతమ్మకు దుఃఖం ఆగలేదు. "మావోడు దొంగ కాదమ్మా! సోమారం ఉక్కు కంపెనీలో పన్లో సేరాల, గేటు పాసుకి పోలీసోల్ల కాయితం ఇయ్యాల. కేసు రాసేత్తే మరింకేటుంది? సేపలమ్మి ఐటీఐ సదివించినాను."

సీతమ్మధారలో పళ్ల డాక్టరు క్లినిక్ మీదున్న ఆ చిన్న గదిలో రోజలిన్ ప్రైవేటు డిటెక్టివ్‌గా పనిచేస్తోంది. ఉమామహేష్ ఆమె సహాయకుడు. తన ఇంట్లో మొదటి డిగ్రీ అతనిదే. అందుకేనేమో, 'సేపలమ్మి సదివించినాను' అన్న మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది.

సంగతి ఇదీ. పట్నంవాళ్లను పల్లెల్లో ఒక రాత్రి ఉంచే కంపెనీ ఒకటి కొత్తగా మొదలైంది. దాని ప్రచార అధికారి భీమశంకరరావు పోయిన వారం తాటిదిబ్బపాలెం వచ్చి పోతమ్మ ఇంట్లో బస చేశాడు. ఆమె కొడుకు కన్నబాబు జ్వరంతో ఉండి కూడా తన మంచం అతనికిచ్చి అరుగు మీద పడుకున్నాడు. తెల్లవారకముందే పోతమ్మ గంపెత్తుకుని గోపాలపట్నం బజారుకు వెళ్లిపోయింది. తిరిగొచ్చేసరికి అతిథి లేడు. మర్నాడు పోలీసులు వచ్చారు. కంపెనీవారి ఖరీదైన కెమెరా పోయిందట. ఊరంతా వలకు వెళ్లినప్పుడు ఇంట్లో ఉన్నది కన్నబాబొక్కడేనట.

"పోలీసులు ఊళ్లో ఎవర్నయినా ఏమయినా అడిగారా?"

"ఎవులడుగుతారమ్మా! బండెక్కమన్నారు, తీసుకుపోనారు. పొద్దల్లా టేసన్లో నేల మీద కూకోబెట్టి సాయంత్రం ఒగ్గేసినారు. రేపు మళ్లీ రమ్మన్నారు."

రోజలిన్ లేచి సంచీ భుజాన వేసుకుంది.

భీమశంకరరావు ఇల్లు పెందుర్తిలో, కొత్త కాలనీలో. అతని కుడి అరచేతికి కట్టు ఉంది.

"మామిడికాయ కోస్తుంటే తెగిందండీ," అన్నాడు, వాళ్లు అడక్కముందే.

"ఆ రోజు పొద్దున మీరు ఎప్పుడు లేచారు?"

"బాగా ఎండెక్కాక. గడప దాటలేదు. అసలు ఆ నీచు వాసనలో నిద్రెలా పట్టిందో నాకే తెలీదు. లేచి చూస్తే బ్యాగు ఖాళీ. అలాంటి చోటికి వెళ్లడం నాదే బుద్ధితక్కువ లెండి. వాళ్లకి వస్తువు కనబడితే చాలు."

ఉమామహేష్‌కి చెవులు వేడెక్కాయి. ఈ మనిషి ప్లేటులో అన్నం పెట్టిన మనుషులు వాళ్లు!

రోజలిన్ మాత్రం శాంతంగా అడిగింది. "బ్యాగు ఒకసారి చూడొచ్చా? అందులో నీళ్లేమైనా ఒలికాయా?"

"లేదే. అది వానకి కూడా తడవదు."

బ్యాగు పైనంతా శుభ్రంగా ఉంది. లోపల మెత్తటి అడుగున మాత్రం తెల్లటి మరకలు చారలు కట్టి ఉన్నాయి. ఉమామహేష్ పౌడరేమో అనుకున్నాడు. రోజలిన్ వేలితో గీరి, ఆ వేలు నాలుకకు తాకించి, బ్యాగు మూసింది.

తాటిదిబ్బపాలేనికి బస్సు లేదు. సరుగుడు తోటల్లో ఇసుకలో పడి నడవాలి. ఒడ్డున వలలు ఆరేసి ఉన్నాయి. తవిటయ్య అనే ముసలాయన ఎండు చేపల్ని తిరగేస్తున్నాడు. ఊరంతా కలిసి ఒడ్డు నుంచి తాళ్లతో పెద్దవల లాగినప్పుడు పడిన చేపల్ని పంచేది ఆయనే. పక్కన చిన్న తాటాకు బుట్టలో విడిగా కొన్ని చేపలున్నాయి. ఉమామహేష్ ఒకటి చేతిలోకి తీసుకోబోయాడు.

"ముట్టుకోకు బాబూ! అది ఒకరి వాటా."

"ఒక్క చేపకే అంత కోపమా తాతా?"

"సేప గురించి కాదురా గుంటడా. తాడట్టుకున్నోడికి వాటా ఇయ్యాల. దార్న పోయినోడైనా సరే, ఒక్క లాగు లాగినా సరే. తీసుకోకుండా ఎల్లిపోతే ఎండేసి దాసాల. ఇంకోడు తింటే గంగమ్మ ఊరుకోదు."

రోజలిన్ ఆయన్ని పక్కకు పిలిచి ఏదో అడిగింది. ముసలాయన జవాబు చెప్పి గట్టిగా నిట్టూర్చాడు. "నన్నెవులడిగినారమ్మా, సెప్పడానికి?"

మర్నాడు ఆదివారం పొద్దున రోజలిన్ కబురు మీద పోతమ్మ అరుగు ముందు అందరూ చేరారు. భీమశంకరరావు, అతని పై అధికారి శ్రీరామ్మూర్తి, ఎస్సై, పాలెం జనం. కన్నబాబు గుంజకు ఆనుకుని తల వంచుకున్నాడు.

"ఆఫీసులో మాట్లాడుకుంటే పోయేది కదా," అన్నాడు శ్రీరామ్మూర్తి చెమట తుడుచుకుంటూ.

"నింద ఈ గడపలో పడిందండీ. ఇక్కడే తుడవాలి," అంది రోజలిన్. "భీమశంకరరావుగారూ, ఆ పొద్దున మీరు గడప దాటలేదన్నారు. కట్టు విప్పి చెయ్యి చూపిస్తారా?"

"దేనికి? తెగిందన్నాను కదా!"

"కత్తి అయితే ఒక గీత పడుతుంది. తడి తాడు అయితే అరచెయ్యి అడ్డంగా ఒరుసుకుపోతుంది. విప్పండి."

ఎస్సై అతనివైపు తిరిగాడు. కట్టు ఊడింది. అరచేతి వెడల్పునా తోలు లేచిపోయి ఉంది. గుంపులోంచి ఎవరో ఆడమనిషి అంది, "ఓలమ్మా, మా కాడ కొత్తోడు తాడట్టుకుంటే అల్లాగే అవుద్ది!"

"మీ కెమెరాని ఎవరూ తీయలేదు," అంది రోజలిన్. "మీరే మెడలో వేసుకుని వెళ్లారు. వల లాగుతూ ఫొటో దిగుదామని తాడు పట్టుకున్నారు. కెరటం కొట్టింది. తడిసిన కెమెరాని బ్యాగులో పెట్టుకుని, జ్వరంతో మూలుగుతున్న ఈ కుర్రాణ్ణి దాటుకుంటూ వెళ్లిపోయారు. దొంగిలించిన కెమెరా బ్యాగులో సముద్రపు ఉప్పు వదిలి పోదు. ఆ మరకల్ని నేను రుచి కూడా చూశాను."

"ఇదంతా ఊహ! నేను ఒడ్డుకి వెళ్లానని ఎవరు చెప్పారు?"

తవిటయ్య లేచాడు. తాటాకు బుట్ట తెచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టాడు.

"మీ వాటా బాబూ. మజ్జిలో ఒగ్గేసి ఎల్లిపోనారు గానీ తాడట్టుకున్నారు కదా. నా పక్కనే లాగినారు. మీ వాటా మాం తినం."

భీమశంకరరావు బుట్టకేసి చూశాడు, తర్వాత శ్రీరామ్మూర్తికేసి. "ఆఫీసు కెమెరా సార్... తడిపానంటే ఉద్యోగం పోతుందని భయమేసింది. మా బీరువాలో ఉంది."

"నీ ఉద్యోగం కోసం ఆ అబ్బాయి ఉద్యోగం తీస్తావా!" అని అరిచాడు ఉమామహేష్. అరిచాక గాని తెలీలేదు అతనికి, మేడం ముందు ఎప్పుడూ గొంతెత్తలేదని. రోజలిన్ అతన్ని ఆపలేదు.

ఎస్సై టోపీ సర్దుకున్నాడు. "సరేనమ్మా, తేలిపోయింది కదా. ఇంక అయిపోయినట్టే."

"మీకు అయిపోనాది బాబూ," అంది పోతమ్మ. ఈసారి కొంగు నోటికి అడ్డం లేదు. "మావోణ్ణి బండెక్కించింది ఊరంతా సూసినాది. ఆ గేటు పాసు కాయితం రేపు మీరే ఇక్కడికి తెచ్చి, ఊరందరి ముందర ఆడి సేతికియ్యాల."

ఎస్సై ఆమెను చూశాడు, గుంపును చూశాడు. "తెస్తానమ్మా," అన్నాడు.

భీమశంకరరావు బుట్టను తప్పించుకుని నడవబోయాడు. కన్నబాబు మొదటిసారి తలెత్తాడు. బుట్ట అందుకుని అతని చేతుల్లో పెట్టాడు.

"పట్టుకెళ్లండి సార్. మా ఊర్లో ఒకరిది ఒకరు ఉంచుకోరు."