ఆపరేషన్ కృష్ణజింక

ఆదోనిలోని ఒక జిన్నింగ్ మిల్లులో, పత్తి బేళ్ల మధ్య ఓబన్న శవం దొరికింది. మెడకు సన్నటి వైరు బిగించి చంపారు.

"ఏం పని చేసేవాడు సార్?" ఏజెంట్ బసవరాజు అడిగాడు.

"జింక వేషం," అన్నాడు చీఫ్ గోవిందన్న. "ఎమ్మిగనూరు దారిలో ప్రైవేటు రాకెట్ ఇంజన్ టెస్ట్ సెంటర్ ఉంది కదా, ఆ కంపెనీ గుర్తుబొమ్మ, అదే మస్కట్, కృష్ణజింక. ఈ పొద్దు బడిపిల్లలకు సెంటర్ చూపిస్తాండారు. దాన్ని పేల్చేయాలని ఒక విదేశీ ముఠా చూస్తాంది. ఓబన్నకు ఏదో తెలిసింది, సంపినారు. ఇప్పుడు ఆ వేషం నువ్వెయ్యాల."

"లోపల మనవాళ్లెవరు?"

"ఈవెంట్ మేనేజర్ లత. మనకూ పనిచేస్తాది, వాళ్లకూ పనిచేస్తాది. నమ్మొద్దప్పా."

మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. జింక తలలో బసవరాజుకు ఊపిరాడటం లేదు. గాలి కోసం పెట్టిన చిన్న ఫ్యాను తిరగడం లేదు. నోటి దగ్గరి జాలీలోంచి అరచేతంత లోకం కనిపిస్తోంది. పిల్లలు కేరింతలు కొడుతూ కాళ్లకు చుట్టుకుంటున్నారు. హంతకుడు పక్కనే నిలబడ్డా తనకు కనబడడు.

"జింకా, ట్యాంకు ముందర నిలబడు! పిల్లలూ, దగ్గరికి జరగండి!" ఫోటోగ్రాఫర్ అరిచాడు. ట్యాంకు నిండా రాకెట్ ఇంధనాన్ని మండించే ద్రవ ఆక్సిజన్. ఫోటోగ్రాఫర్ మాత్రం పొడవాటి లెన్స్ పట్టుకుని దూరంగా, కాంక్రీటు గోడ చాటుకు వెళ్లాడు.

లత జింక చెవి సర్దుతున్నట్టు దగ్గరికొచ్చింది. తెల్లటి సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు.

"అన్నా, తల పీకి ఆ నీళ్ల గుంతలోకి విసురు. ఆ ఫ్యాను డబ్బాలో బాంబుంది. ఆ ఫోటోగ్రాఫర్ కెమెరా నొక్కితే పేల్తాది. నాకిప్పుడే తెలిసింది."

ఇంజన్ మంటను చల్లార్చే గుంత నాలుగడుగుల దూరంలో ఉంది. కానీ నమ్మొద్దన్నాడు చీఫ్. పీకితేనే పేలుతుందేమో!

"ఒకటి..." ఫోటోగ్రాఫర్ లెక్క మొదలుపెట్టాడు.

లత అతని పక్కనుంచి కదల్లేదు. పీకితే పేలేదైతే ఈపాటికి పారిపోయి ఉండేది.

"రెండు..."

బసవరాజు తలను పైకి లాగాడు. రాలేదు. మెడ దగ్గర కొక్కెం ఇరుక్కుంది. లత వేళ్లు దూర్చి బలంగా గుంజింది. గోరు విరిగింది, కొక్కెం ఊడింది. అతను తలను గుంతలోకి విసిరి పిల్లల మీదికి దూకాడు.

"మూడు!"

గుంతలోని నీళ్లు గోడలా లేచి అందరినీ తడిపేశాయి. ట్యాంకుకు గీత కూడా పడలేదు.

"పట్టుకోండప్పా వాణ్ణి!" లత అరిచింది. కెమెరా పారేసి పరుగెత్తిన ఫోటోగ్రాఫర్‌ను గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు కింద పడేశారు.

బసవరాజు పిల్లల మీదినుంచి లేచాడు. లత తన ఫోన్ అందించింది. చీఫ్ లైన్లో ఉన్నాడు.

"పిల్లోళ్లు బాగున్నారా? నీ ముఖం ఎవరైనా చూసినారా?"

బసవరాజు చుట్టూ చూశాడు.

"మూడు బడుల పిల్లోళ్లు చూసినారు సార్. దెబ్బ ఎవరికీ తగల్లేదు. జింక సచ్చిపోయిందని ఏడుస్తాండారు. ముఠా సంగతి నేను చూసుకుంటా, వీళ్లను ఊరుకోబెట్టేదానికి ఎవరినైనా పంపండి."