ఏడోసారి వాయిదా

"గీ దాంట్ల 'అయింది', 'కాలే' అని రెండే ఉన్నయేంది?"

రుతుజ ఫోన్‌ను స్వప్నిల్ ముక్కు దాకా తెచ్చి మరీ అడిగింది. ముంబై కామాఠిపురా పదకొండో గల్లీ, వరుస గదుల చాల్, రెండో అంతస్తు గ్యాలరీ. బయట జూన్ వాన తాడులా పడుతోంది. ఆరబెట్టిన బట్టల కింద నుంచి వంగి వచ్చిందేమో, ఆమె జడ నుంచి నీళ్లు కారుతున్నాయి.

"పని అంటే రెండే గదా. చేసినం, లేకుంటే చెయ్యలే," అన్నాడు స్వప్నిల్ పెద్ద తత్వవేత్తలాగా.

"నీ పని కంప్యూటర్లతోని. నా పని మనుషులతోని. మనుషులు అయితరా, కాకుంటరా?"

స్వప్నిల్ ఫోన్ వైపు చూడబోయాడు. ఫోన్ కన్నా ఆమె కళ్లే దగ్గరగా ఉన్నాయి.

స్వప్నిల్ నాగ్‌పాడాలో ఒక కంప్యూటర్ రిపేర్ దుకాణంలో పనిచేస్తాడు. కుదురు లేని మనిషి. కాలు కాలిన పిల్లిలా గ్యాలరీ ఆ చివర నుంచి ఈ చివరకు తిరగందే అతనికి టీ దిగదు. ఆ తిరుగుడును అదుపులో పెట్టుకోవడానికి రెండేళ్ల క్రితం ఒక ప్లానర్ తయారుచేసుకున్నాడు. యాప్ కాదు, బొమ్మల్లేవు. ఉత్త అక్షరాల ఫైలు. లైను ముందు ఒక చుక్క పెడితే పని, రెండు చుక్కలు పెడితే దాని కింద చిన్న పని. పక్కన తేదీ రాస్తే చాలు, ఆ రోజు చేయాల్సినవన్నీ అదే ఏరి ముందు పెడుతుంది. నచ్చినట్టు మార్చుకోవచ్చు, కొత్తవి కలుపుకోవచ్చు. అక్కడే వచ్చింది చిక్కు. మార్చడంలో పడి, అందులో రాసిన పనులు చేయడం మానేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చేయని పనులకు రంగులు, గుర్తులు, షార్ట్‌కట్లు అన్నీ ఉండేవి.

రుతుజ తండ్రి భూమయ్య ముకాదం. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన కూలీలను బిల్డింగ్ పనులకు పంపిస్తాడు. రేపు ఎవరు ఏ సైటుకు వెళ్లాలో రాసేది రుతుజ. ఆమె నోట్‌బుక్ మొదటి వానకే తడిసి ముద్దయింది. ఫోనా, పాతది. యాప్ వేస్తే ఆగిపోతుంది. ఉత్త అక్షరాలైతే డొక్కు ఫోన్‌లో కూడా తెరుచుకుంటాయని స్వప్నిల్ తన ప్లానర్‌ను ఇచ్చాడు. పక్కింటి వాడిగా ఇచ్చానని అతను అనుకున్నాడు. ఎందుకిచ్చాడో మనకు తెలుసు.

"సరే, ఎన్ని కావాలె నీకు?" అన్నాడు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని.

రుతుజ వేళ్లు మడిచింది. "అడిగిన. వస్తనన్నడు. చూస్తనన్నడు. వచ్చిండు."

"వస్తనన్నడుకు, చూస్తనన్నడుకు ఫరక్ ఏంది?"

"చూస్తనన్నడంటే రాడన్నట్టు. గిది గూడ తెల్వదా? ఏం ముంబైకర్‌వి రా నువ్వు!"

అలా మొదలైంది. 'అయింది, కాలేదు' పోయి రుతుజ చెప్పిన నాలుగు మాటలూ వచ్చాయి. ఇద్దరూ పుట్టింది ఇక్కడే, చదివింది మరాఠీ బడిలోనే కాబట్టి తెలుగునే మరాఠీ అక్షరాల్లో రాసుకున్నారు. ఉత్త అక్షరాల ఫైలుకు ఏ లిపైనా ఒకటే. తర్వాత ఆమె ఇంకోటి అడిగింది. ఎవరి పనైనా వేరే రోజుకు జరిపితే, ఎందుకు జరిపామో ప్లానర్ అడగాలి. మరునాడు సైటు వాళ్లు నిలదీస్తే చెప్పడానికి. అదీ పెట్టాడు. ఇక పొద్దున్నే ఆరుగంటలకు ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ చదివి, ఆ రోజు లిస్టు దానంతటదే రుతుజకు, భూమయ్యకు వెళ్లేలా చేశాడు. గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర, కూలీలు పనికోసం నిలబడే నాకాలో రుతుజ ఆ లిస్టును గట్టిగా చదివేది. పేరు విన్నవాళ్లు విన్నట్టు బయల్దేరేవాళ్లు.

జూలై రెండోవారానికల్లా ప్లానర్ పూర్తయింది. స్వప్నిల్ గుండెల్లో రాయి పడింది. పూర్తయితే ఆమె ఇక గ్యాలరీలోకి ఎందుకొస్తుంది?

అందుకని అతగాడు ఒక తెలివితక్కువ తెలివి చూపించాడు. బేస్తవారం బేస్తవారం లిస్టులో ఆఖరు లైను రాలిపోయేలా ఒక చిన్న తప్పు వదిలాడు. ఆ సాయంత్రం రుతుజ రానే వచ్చేది.

"స్వప్నిల్, మళ్ళ ఖరాబైంది."

"ఖరాబ్ గాలే, అలిగింది. నువ్వు దాన్ని సరిగ్గ చూసుకుంటలేవు."

"నేను చూసుకోవాలెనా? తయారుజేసింది ఎవరు?"

"జన్మనిచ్చింది నేను, పెంచేది నువ్వు."

"ఛీ, పో!" అని నవ్వేది. పది నిమిషాల పనిని అతను గంట సాగదీసేవాడు. ఆ గంట అయిపోగానే వారం పొడుగూ అతనికి ఊపిరాడేది కాదు. ఒక సాయంత్రం ఉండబట్టలేక తన సొంత ఫైలులో ఒక లైను రాసుకున్నాడు: 'రుతుజతోని మాట్లాడాలె.' తేదీ కూడా వేశాడు. ఆ తేదీ వచ్చింది. ధైర్యం రాలేదు. రేపటికి జరిపాడు. ప్లానర్ ఊరుకుంటుందా? 'కారణం?' అని అడిగింది. తాను పెట్టిన నియమమే కదా, నోరు మూసుకుని కారణం రాశాడు.

అలా ఆరుసార్లు.

ఒక మంగళవారం రుతుజ నీళ్ల బకెట్ దించి అతని ముందు ఆగింది.

"ఐతారం వర్లి నుంచి వస్తున్రు. నన్ను చూసేతందుకు. పిల్లగాడు బ్యాంక్‌ల ఉన్నడట."

గ్యాలరీలో స్వప్నిల్ నడక ఆగిపోయింది. నోట్లోంచి మాత్రం, "మంచిదే," అని వచ్చింది.

"మంచిదేనా?"

"బ్యాంక్ అంటే... మంచిదే గదా."

రుతుజ అతన్ని ఒక్క చూపు చూసింది. ఆ చూపులో కోపం ఎంతో, ఎదురుచూపు ఎంతో కొలిచే తెలివి ఉంటే అతను అప్పుడే నోరు విప్పేవాడు. ఆమె బకెట్ ఎత్తుకుని వెళ్లిపోయింది. సగం నీళ్లు అతని కాళ్ల మీదే పోసింది.

అప్పటి నుంచి స్వప్నిల్ నిలిచిన చోట నిలవలేదు. దుకాణంలో ఒకరి కీబోర్డు ఇంకొకరికి ఇచ్చాడు. శుక్రవారం పొద్దున నాకాలో మాట్లాడి తీరాలనుకుని, ఆ లైనును ఏడోసారి జరిపాడు. చేతులు ఊరుకోక ప్లానర్‌ను సర్దడం మొదలుపెట్టాడు. ఫైళ్లన్నీ ఒక్కచోట ఉంటే బాగుంటుందని తన సొంత ఫైలును కూడా ఆ ఫోల్డర్‌లోకి తోశాడు. ఆ ఫోల్డర్‌లో ఉన్నదంతా పొద్దున్నే రుతుజ చేతికి వెళ్తుందన్న సంగతి, అంత తయారుచేసిన మనిషికి తట్టనేలేదు.

శుక్రవారం పొద్దున నాకాలో సన్నగా జల్లు. ముప్పై మంది దాకా ఉన్నారు. స్వప్నిల్ టీ బండి పక్కన నిలబడి మాటలు కూడదీసుకుంటున్నాడు. రుతుజ గొడుగు కింద తన మామూలు గొంతుతో, మామూలు వేగంతో చదువుతోంది.

"శివ, యాదయ్య, లోవర్ పరేల్. పోచమ్మ, కవిత, భాయ్‌ఖళా. రుతుజతోని మాట్లాడాలె, ఏడోసారి వాయిదా. కారణం ఒకటి, వాన. రెండు, ఆమె కోపంగుంది. మూడు, ఆమె నవ్వుతుంది, చెడగొట్టబుద్ధి గాలే..."

ఆగిపోయింది. జనం కూడా ఆగిపోయారు. తర్వాత ఒక్కసారిగా గొల్లుమన్నారు.

"ఆపినవేంది బిడ్డా? ఇంక నాలుగున్నయి, చదువు," అంది పోచమ్మ, తట్ట బోర్లించి దానిమీద తీరిగ్గా కూర్చుంటూ.

రుతుజ చెవుల దాకా ఎర్రబడింది. అయినా చదివింది. చదవకపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని కాబోలు.

"నాలుగు, భూమయ్య కాకా గ్యాలరీల ఉన్నడు."

పక్కనే ఉన్న భూమయ్య దగ్గాడు.

"ఐదు, అంగీ మంచిగ లేదు. ఆరు..." ఆమె గొంతు మారింది. "ఆరు, లిస్టుల తప్పు నేనే పెట్టిన. ఇయ్యాల మాట్లాడి ఆమె వద్దంటే, మళ్ళ గా తప్పుకోసమన్న రాదు. ఏడు, వర్లి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. యాదయ్య మెల్లగా అన్నాడు: "అంటే పోయిన వారం బేస్తవారం నాడు నా పేరు రాకపాయె... దినమంత స్టేషన్ మెట్ల మీదనే కూసున్న. గది గిదేనా?"

స్వప్నిల్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అతనికి అది ఆఖరు లైను మాత్రమే. ఆ లైనులో ఒక మనిషి ఉన్నాడని, ఆ మనిషి ఆ రోజంతా పనిలేక స్టేషన్ మెట్ల మీద కూర్చున్నాడని ఇప్పుడే తెలిసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

రుతుజ గొడుగు పక్కన పడేసి వచ్చింది.

"నువ్వు నాతోని మాట్లాడితే ఎంత, మాట్లాడకుంటే ఎంత! నేనే తప్పు రాసిన్నని యాదయ్య అన్నను మాఫీ అడిగిన. రెండు దినాలు అన్నం తినలే. నువ్వేమో కూసుండి 'అలిగింది' అని నవ్వినవ్!"

"రుతుజ, నాకు తెల్వలే..."

"ఇగ ఏ పని పేరు జెప్పి కూడ నా దగ్గరికి రాకు. బస్, ఝాలా, అయిపోయింది!"

ఆమె కళ్లలో నీళ్లు చూశాక అతనికి తన ప్రేమ సంగతే గుర్తు రాలేదు. నేరుగా యాదయ్య దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, తప్పైంది. నేను..."

"నీ మాఫీతోని నేనేం జేస్తా తమ్మీ?" అన్నాడు యాదయ్య తట్ట ఎత్తుకుంటూ. "గా లిస్టు నన్ను మళ్ళ మర్చిపోకుంటే చాలు."

స్వప్నిల్ దుకాణానికి సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. రంగులు తీసేశాడు. గుర్తులు తీసేశాడు. తనకు తప్ప ఎవరికీ అర్థంకాని షార్ట్‌కట్లన్నీ తీసేశాడు. రుతుజ పనికి అడిగినవాళ్లలో ఒక్క పేరు తగ్గినా లిస్టు కదలకుండా, 'ఫలానా మనిషి ఏడి?' అని ప్లానర్ ముందే అడిగేలా చేశాడు. తన సొంత ఫైలును బయటికి తీశాడు. పైన పది లైన్లలో, దేన్ని ఎలా మార్చుకోవాలో, కొత్తది ఎలా కలుపుకోవాలో ఆమె మాటల్లోనే రాశాడు. ఇక స్వప్నిల్ అనే మనిషి అక్కర్లేదు. సాయంత్రానికి దాన్ని ఆమె ఫోన్‌కు పంపి, 'ఆఖరు లైను ఇగ పోదు' అని ఒక్క ముక్క రాశాడు.

జవాబు రాలేదు.

శనివారం పొద్దున కూడా రాలేదు. లిస్టు సరిగ్గా వెళ్లిందని, యాదయ్య లోవర్ పరేల్‌లో పనిలో ఉన్నాడని పోచమ్మ కూతురు చెప్పింది. అంటే ప్లానర్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. తన చేత్తో చేసిన వస్తువును అతను ఇంతగా ఎన్నడూ అసహ్యించుకోలేదు.

మధ్యాహ్నం నాగ్‌పాడా నుంచి గ్రాంట్ రోడ్ దాకా మూడుసార్లు నడిచాడు. తెల్లారితే ఐతారం. ఒక సాకు చెప్పి వెళ్దామా అనుకున్నాడు. కొత్త వర్షన్ అనొచ్చు. ఫోన్ చెక్ చేస్తాననొచ్చు. పది సాకులు దొరికాయి, పదీ వదిలేశాడు. సాకులతోనే కదా ఇంతదాకా వచ్చింది. చేతిలో లాప్‌టాప్ లేకుండా, తడిసిన అంగీతోనే భూమయ్య గుమ్మం ముందు నిలబడ్డాడు.

భూమయ్య టీ తాగుతున్నాడు. "ఏం పనిమీద వచ్చినవ్ రా?" అన్నాడు తల ఎత్తకుండానే.

"పనేం లేదు... మామా."

భూమయ్య చేతిలో కప్పు ఆగింది. ముంబైలో పెద్దవాళ్లందరూ కాకాలే, అంటే చిన్నాయనలే. స్వప్నిల్ కూడా నడక నేర్చిన నాటి నుంచి ఆయన్ని కాకా అనే పిలిచాడు. కానీ ఎన్ని తరాలు గడిచినా తెలుగిల్లు తెలుగిల్లే. కాకా కూతురు చెల్లెలవుతుంది, మామ కూతురు కాదు. ఆ తేడా భూమయ్యకు తెలుసు. లోపల బియ్యం చెరుగుతున్న రుతుజకూ తెలుసు. చాట చప్పుడు ఆగిపోయింది.

భూమయ్య లోపలికి తల తిప్పాడు. "ఏమే, విన్నవా? రేపు వర్లి వాళ్లకు ఏం జెప్పాలె?"

"నిన్ననే జెప్పిన బాపూ," అంది రుతుజ గుమ్మంలోకి వచ్చి. "రావద్దని. సంబంధం తెచ్చిన పెద్దమ్మకు ఫోన్ జేసిన. నీకు ఎట్ల జెప్పాలెనని సోంచాయిస్తున్న."

స్వప్నిల్ నోరు తెరిచాడు. "నిన్ననా? నన్ను తిట్టిన దినమా?"

"తిట్టింది యాదయ్య అన్న కోసం. ఫోన్ జేసింది నాకోసం."

భూమయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు, కుదరలేదు. "మీ అమ్మ శాంతాబాయిని రమ్మను, మాట్లాడుకుంటం. గామెకన్న జెప్పినవా, లేకుంటే గామెను గూడ వాయిదా వేసినవా?" అని కప్పు పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

గ్యాలరీలో ఇద్దరే మిగిలారు. వాన రేకుల మీద దబదబా కొడుతోంది.

"ఊఁ," అంది రుతుజ చేతులు కట్టుకుని. "నాతోని మాట్లాడాలె అని రాసుకున్నవ్ గదా. మాట్లాడు."

స్వప్నిల్ జేబులోని ఫోన్ తడుముకున్నాడు. ఏడుసార్లు తేదీ మార్చాడు, ఏడు కారణాలు రాశాడు. ఏం మాట్లాడాలో మాత్రం ఆ లైను కింద ఒక్క ముక్కా రాసుకోలేదు.

"నువ్వంటే... నాకిష్టం," అన్నాడు చివరికి.

"వానకు ఇనపడలే. జర గట్టిగ జెప్పు."

"నువ్వంటే నాకిష్టం!"

గ్యాలరీ పొడుగునా తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. రుతుజ నవ్వు ఆపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"మొదటిసారే ఇనపడ్డది," అంది.