నంది రెండో చెవి

ఆ గుడిలో నంది దగ్గర, తలుపులు వేసే వేళకి ఎవరూ కూర్చోరు. పగలు కూర్చుంటారు. కబుర్లు కూడా చెప్పుకుంటారు. దీపాలు తగ్గించేసరికి మాత్రం, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి చెప్పులు వెతుక్కుంటారు.

గుడి అంటే గోపురం అదీ ఉండదు. టైర్ల కొట్టుకీ బట్టలుతికే షాపుకీ మధ్య పాత గోడౌను. ఇనుప షట్టరు ఎత్తితే హాలు, హాలు చివర శివుడు, ఆయనకెదురుగా నల్లరాతి నంది. జనం ఆ నంది చెవిలో కోరిక చెప్పి, రెండో చెవిని అరచేత్తో మూస్తారు — చెప్పింది అటునుంచి జారిపోకుండా. మూయనివాళ్ళ కోరికలు స్వామిదాకా వెళ్ళవని, చీకటి పడ్డాక ఆ చెవి దగ్గరే గుసగుసలాడుతూ ఉండిపోతాయని అంటారు... ఆ గుసగుసలు విన్నానని ఒక వాచ్‌మన్ పని మానేశాడు. రాత్రి డ్యూటీ తప్పించుకోవడానికి నాటకమాడాడని నేను నవ్వేవాణ్ణి. నేను దర్జీని. కంటికి కనిపించే కుట్టునే నమ్ముతాను.

మా బావ చెప్పాకే నా నవ్వు ఆగింది.

బావ లిఫ్టులు బాగుచేస్తాడు. మా అక్క పోయి అప్పటికి కొన్నాళ్ళయింది. ఆయన ఏడవలేదు. అంతా అయిన మర్నాడే పనిసంచి భుజాన వేసుకుని వెళ్ళాడు. పలకరిస్తే పలికేవాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. "ఎలా ఉన్నావ్ బావా?" అంటే "ఏమీ లేదురా" అనేవాడు. అది జవాబేనా అని చాలాసార్లు అనుకున్నాను. కానీ ఆయన ముఖంలో నిజంగానే ఏమీ ఉండేది కాదు.

ఒక్కటే ఆయన్ను తొలిచేది. అక్క ప్రతి సోమవారం ఆ నంది చెవిలో చాలాసేపు ఏదో చెప్పేది. "నా మీద చాడీలేనా?" అని బావ ఆటపట్టిస్తే, "బయటికి చెబితే జరగదు" అనేది. తనతో సుఖపడిందా, లేక తనని అడగలేనిదేదో అక్కడ అడుక్కుందా — అది తెలియకుండానే ఆవిడ వెళ్ళిపోయింది.

ఒక రాత్రి గుడి షట్టరు సగంలో ఇరుక్కుంది. పూజారి బావకి ఫోను చేశాడు.

బావ వెళ్ళి సరిచేశాడు. పూజారి తాళాలు ఆయన చేతికిచ్చి, మేడ మీద తన గదికి వెళ్తూ మెట్ల దగ్గర ఆగాడట.

"మీ ఆవిడ రెండో చెవి ఎప్పుడూ మూసేది కాదండీ. చెప్పి చూశాను."

"ఎందుకని?"

"ఆ చేతిలో మీ క్యారియర్ ఉండేది. ఇక్కణ్ణుంచి సరాసరి మీ పని దగ్గరికేగా వచ్చేది... నేల మీద పెట్టమ్మా అంటే, అన్నం చల్లారిపోతుందనేది."

పూజారి వెళ్ళిపోయాడు. బావ షట్టరు లోపలినుంచి దించాడు. ఎందుకు దించాడో ఆయనకే తెలియదు. హాల్లో ఒకే దీపం. నంది పక్కన చతికిలబడి, ఆ రెండో చెవికి తన చెవి ఆనించాడు...

రాయి. చల్లగా ఉంది. ఇంకేం లేదు.

లేవబోయాడు —

"ఆయన్ను నాకంటే ముందు తీసుకెళ్ళు స్వామీ..."

అక్క గొంతు.

ఇదంతా బావ నాకు మర్నాటి సాయంత్రం నా కొట్లో కూర్చుని చెప్పాడు. నేను మిషను ఆపేశాను.

"భయం వేయలేదా?"

"లేదురా. వేయాలని తెలుసు... వేయలేదు."

నాకు మాత్రం వేసింది. భయంతోపాటు కోపం కూడా వచ్చింది. మా అక్క అంత మాట అంటుందా? ఆడవాళ్ళు మొగుడికంటే ముందు పసుపుకుంకుమలతో పోవాలని మొక్కుకుంటారు గానీ, ఇదేం కోరిక?

"పూర్తిగా విను," అన్నాడు బావ. అక్క మాటలు ఒక్కొక్కటే అప్పజెప్పాడు.

"నేను ముందు పోతే ఆయనకి ఆకలి కూడా తెలీదు. లోపలే ఎండిపోతాడు. ఆయన్ను పంపించేసి నేను ఏడుస్తాను. నాకు ఏడవడం వచ్చు స్వామీ. ఆయనకి రాదు."

స్టూలు ఆయన దగ్గరికి జరుపుకుని అడిగాను.

"అంతేనా?"

"అంతే కాదు... మళ్ళీ అదే అడుగుతోంది. కొంచెం మారింది. ఇప్పుడు 'ముందు' అనడం లేదు. 'తొందరగా' అంటోంది."

అని బావ నవ్వాడు. అక్క పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. పనిసంచి తీసుకుని లేచాడు. ఎక్కడో పెద్ద భవనంలో లిఫ్టు పై అంతస్తులో ఆగిపోయిందట.

"వెళ్ళకు బావా."

"వెళ్తేనేంరా?" అన్నాడు, అదే నవ్వుతో.

సంచి లాక్కున్నాను. పెద్దవాడని కూడా చూడకుండా ఆయన్ను కొట్లో కూర్చోబెట్టి, బయట గొళ్ళెం పెట్టి గుడికి పరుగెత్తాను.

దీపాలు తగ్గిస్తున్నారు. ఆఖరివాళ్ళు వెళ్ళిపోతున్నారు. నంది పక్కన మోకాళ్ళ మీద పడ్డాను. చెవి ఆనించాల్సిన పని కూడా లేకపోయింది... వినిపిస్తూనే ఉంది. గుక్కతిప్పుకోకుండా. తొందరగా స్వామీ, తొందరగా —

స్వామికి ఏం చెప్పాలో తోచలేదు. అక్కకే చెప్పాను.

"అక్కా... బావకి రెండు పూటలా నేను పెడతాను. దగ్గర కూర్చుని తినిపిస్తాను. ఇంక అడగకక్కా."

గుసగుస ఆగిపోయింది.

అప్పటినుంచి బావ మా ఇంట్లోనే తింటున్నాడు. ఇప్పటికీ ఏడవలేదు. వండేది నేనే. ఎలా ఉందని అడిగితే "బాగానే ఉందిరా" అంటాడు, మాడిపోయిన రోజు కూడా. ఎప్పుడైనా కుట్టుపని ఎక్కువై వంట ఆలస్యమైతే మాత్రం... కొట్లో ఎవరూ లేకపోయినా, నా చెవి దగ్గర ఎవరో ఊపిరి తీసుకుంటారు — మాట మొదలుపెట్టబోయే మనిషిలా.