కొండ దారిలో తుమ్మే కారు

మా మరిది మీద నాకున్న ఫిర్యాదులన్నీ చెప్పడం మొదలుపెడితే తెల్లారిపోతుంది కాబట్టి ఒక్కటే చెబుతాను. ఆ మనిషికి ఇంట్లోవాళ్లకన్నా కారే ఎక్కువ. నాకు జ్వరమొస్తే గుమ్మంలో నిలబడి "మాత్ర వేసుకున్నావా వదినా?" అని అడిగి వెళ్లిపోతాడు. కారు కాస్త వేడెక్కితే మాత్రం దాని పక్కన పీట వేసుకుని కూర్చుంటాడు.

పోనీ అదేమైనా గొప్ప కారా అంటే అదీ కాదు. ఎవరో ముసలాయన వాడి వాడి వదిలించుకున్న చిన్న కారు. మా మరిది దాన్ని కొని, ఇంజను లోపలికి గాలిని బలవంతంగా కూరే టర్బో తగిలించాడు. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ కావాలట. అందుకని ట్యాంకు దింపి లోపల పెద్ద పంపు పెట్టాడు. బరువని వెనక సీటు పీకేశాడు. పెట్రోలు పోసే చోట తళతళలాడే కొత్త మూత బిగించాడు. పగలంతా ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీసే మనిషి సాయంత్రమయ్యేసరికి కారు కింద దూరేవాడు. పెళ్లి మాటెత్తితే జవాబు అక్కడినుంచే వచ్చేది.

"ఇప్పుడు కాదొదినా, చేతులకి గ్రీజుంది."

అన్ని సేవలు చేయించుకున్న కారుకు ఒక జబ్బు పట్టుకుంది. ఊళ్లో బంగారంలా తిరుగుతుంది. కొండ దారి ఎక్కిస్తే మాత్రం సగం దూరం పోయాక తుమ్మడం మొదలుపెడుతుంది. గట్టిగా లాగాల్సిన సమయానికి పెట్రోలు అందక ఇంజను ఉక్కిరిబిక్కిరవుతోందని మా మరిది లెక్క. వినకుండా అలాగే తొక్కితే పిస్టన్లు కాలిపోతాయట.

ఒకరోజు కళ్లజోడు షాపు దగ్గర దింపమని ఆ కారెక్కాను. "దార్లో ఐదు నిమిషాలు పనుంది వదినా" అంటూ, ఇంజన్లని పరీక్షించి సరిచేసే ఒక ట్యూనింగ్ షాపులోకి తిప్పాడు. ఆ ఐదు నిమిషాల్లో కళ్లజోళ్ల షాపు మూసేశారు. అయినా నేను తిట్టలేదంటే, అక్కడ నేను చూసింది అలాంటిది.

నేలలోకి దించిన పెద్ద ఉక్కు రోలర్లు. వాటి మీద కారు చక్రాలు ఎక్కించి, నాలుగు పక్కలా పట్టీలు బిగించారు. ఓనరు గారి అమ్మాయి వచ్చింది. ఇంజనీరింగ్ చదువుకుని తండ్రి షాపులోనే ట్యూనర్‌గా పని చేస్తోంది. జుట్టు ఎత్తి ముడి వేసుకుంది. నుదుటి మీద ఓ గ్రీజు చార. ముందుగా పెట్రోలు మూత తిప్పి తీసి, క్యాన్‌తో షాపు పెట్రోలు పోసింది.

"బయటి పెట్రోలు నమ్మం అండీ. ఎవరి కారైనా మా పెట్రోలు పోశాకే రోలర్ల మీద నడుపుతాం" అంది, నేను వింతగా చూస్తుంటే.

తర్వాత సీట్లో కూర్చుని, లాప్‌టాప్ తెరిచి, యాక్సిలరేటర్ తొక్కింది.

నేనింతవరకు మిక్సీ చప్పుడే చప్పుడనుకున్నాను. ఆ శబ్దం చెవుల్లోంచి రాలేదు, అరికాళ్లలోంచి వచ్చింది. గోడకున్న స్పానర్లన్నీ గలగలలాడాయి. కారు అంగుళం కదలలేదు, చక్రాలు మాత్రం ఏ లోకానికో పరుగెడుతున్నాయి. అంత హోరు మధ్యలో ఆ పిల్ల కళ్లు మూసుకుంది. నిద్రపోతున్న పసిబిడ్డ ఊపిరి వింటున్న తల్లిలా తల కొంచెం పక్కకి వంచి, ఇంజను వింటోంది. మా మరిది వైపు చూశాను. నోరు తెరుచుకుని ఉంది. చూపు కారు మీద లేదు.

హోరు ఆగింది. ఆ అమ్మాయి స్క్రీన్ ఇటు తిప్పింది.

"ఈ గీత చూడండి, ఇదే మీ ఇంజను బలం. ఎక్కడైనా వంకర ఉందా?"

"లేదండీ. కానీ కొండ మీద తుమ్ముతోంది."

"పోయినసారీ ఇదే మాట, అంతకుముందూ ఇదే మాట. ఇక్కడికొస్తే ఆరోగ్యం, గేటు దాటితే రోగమా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

"నాకు అర్థమైంది." లాప్‌టాప్ టప్పున మూసింది. "జబ్బు కారుకి కాదు. ఇక్కడికి రావడానికి మీకో సాకు కావాలి. గేజ్ చూడమంటే నన్ను చూస్తారు. గుడ్డిదాన్ననుకున్నారా?"

షాపులో పని చేసేవాళ్ల చేతులన్నీ ఆగిపోయాయి. మా మరిది చెవులు ఎర్రబడ్డాయి.

"తుమ్ము అబద్ధం కాదండీ."

"మెషీన్ అబద్ధం చెప్పదు. ఇక మిగిలింది మీరే. ఇంకోసారి మా గేటు తొక్కకండి."

ఇంటికొచ్చాక మనిషి మాట్లాడడు. కారు కిందికీ దూరడు. రెండు పూటలు ఓర్చుకుని, మూడో పూట కంచం ముందు నిలదీశాను.

"నిజం చెప్పు. తుమ్ము నిజమేనా?"

"నీ మీద ఒట్టు వదినా."

"నా మీదెందుకు, కారు మీద వెయ్యి, నమ్ముతా."

నవ్వలేదు. "ఆ అమ్మాయికి నేను నచ్చకపోతే పోనీ. అబద్ధాలకోరునని మాత్రం అనుకోకూడదు. అది భరించలేకపోతున్నాను."

అప్పుడు తెలిసింది, జబ్బు రెండుచోట్లా ఉందని.

మర్నాడు నేనే ఆ షాపుకి వెళ్లాను. నన్ను చూడగానే ఆ అమ్మాయి ముఖం బిగుసుకుంది.

"మా మరిదిని వెనకేసుకురావడానికి రాలేదమ్మా" అన్నాను. "అబద్ధమని తేలితే మొదట చెవి మెలిపెట్టేది నేనే. ఒక్కసారి నువ్వే ఆ కొండ ఎక్కించి చూడు."

చేతిలోని స్పానర్ పక్కన పెట్టింది. "చూస్తాను. కానీ నేనే నడుపుతా. పెడల్ మీద కాలు ఆయనదైతే తుమ్ము కూడా ఆయనే తెప్పించగలరు."

"ఉన్నవి రెండే సీట్లు కదా. రెండో దాంట్లో?"

"మీరే అక్కా. సాక్ష్యం కావాలిగా."

ఇలా ఆ రెండో సీట్లో ఈసారి రేసు మనిషిలా కూర్చున్నాను. కూర్చున్నానని చెప్పడం మర్యాదకి. నన్ను అందులో కూరి, భుజాల మీంచి బెల్టులు బిగించి, మూట కట్టారు. మా మరిది ఇంటినుంచి కారు నడుపుకుంటూ కొండ కిందికి తెచ్చి, తాళం ఆ అమ్మాయి చేతికిచ్చి, వెళ్లి రాయి మీద కూర్చున్నాడు.

ఆ అమ్మాయి పెట్రోలు ప్రెషర్ చూపించే గేజ్‌కి పొడుగాటి గొట్టం తగిలించి, పెట్రోలు లోపల కారకుండా, ముందు అద్దానికి బయటి వైపు టేపుతో అంటించింది.

"నేను రోడ్డు చూస్తాను, మీరు ముల్లు చూడండక్కా. టర్బో గాలి తోసే కొద్దీ ముల్లు పైకి పోవాలి. పైనే నిలబడితే నా మాట నిజం. నేను తొక్కుతుండగానే కిందికి జారితే ఆయన మాట నిజం."

బయల్దేరాం. మొదటి మలుపులో దేవుణ్ణి తలుచుకున్నాను. రెండో మలుపులో మా ఆయన్ని కూడా తలుచుకున్నాను. ఆ తర్వాత భయం ఎక్కడ జారిపోయిందో తెలియదు. చెట్లు పచ్చటి గీతల్లా వెనక్కి పోతున్నాయి. లోయలోంచి మబ్బు లేచి రోడ్డు మీద పాకుతుంటే, దాన్ని చీల్చుకుంటూ ఆకాశంలోకి ఎక్కుతున్నాం. ఆ పిల్ల చేతులు స్టీరింగు మీద వీణ మీద ఉన్నంత నెమ్మదిగా ఉన్నాయి. పాతికేళ్లు దాటీ దాటని ఆడపిల్ల, ఒక కొండని ఇలా అరచేతిలో పెట్టుకుని తిప్పగలదా అని నోరెళ్లబెట్టాను.

"అక్కా, ముల్లు?"

"ఆఁ... పైనే ఉంది."

ఇంకో మలుపు, ఇంకో ఎత్తు.

"ఇప్పుడు?"

"కొంచెం వణుకుతోందమ్మా."

కాలు గట్టిగా నొక్కింది. "ఇప్పుడు?"

"దిగుతోంది. దిగిపోతోందమ్మాయ్, జారిపోతోంది!"

కారు తుమ్మింది. ఆ తర్వాత వరసగా తుమ్ములే. చప్పున కాలు తీసేసి పక్కకి ఆపింది. ఇంజను ఆపేశాక కొండ మీద నిశ్శబ్దం గంట కొట్టినట్టు వినపడింది.

"పెట్రోలే అందట్లేదు" అంది, గేజ్ ముల్లు వైపు చూసి. తర్వాత దిగి వెనక్కి వెళ్లి, పెట్రోలు మూత తిప్పింది.

కారు ఊపిరి పీల్చుకుంది. అతిశయోక్తి కాదు. ఎంతసేపటినుంచో నీళ్లలో మునిగి ఉన్న మనిషి పైకి తేలినట్టు, ట్యాంకు "హుస్స్" మని గాలి మింగింది. ఆ అమ్మాయి మూత చేత్తో పట్టుకుని రాయిలా నిలబడిపోయింది.

"ఏమిటమ్మా అది?"

"నూనె డబ్బాకి ఒక్కటే చిల్లు పెడితే నూనె సరిగ్గా రాదు కదక్కా. ఇదీ అంతే. పెట్రోలు బయటికి పోతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే పంపు ఎంత పెద్దదైనా లాగలేదు."

ఫోన్ లైటు వేసుకుని రోడ్డు మీదే పడుకుని కారు కిందికి దూరింది. ఈ కారు కిందికి ఇష్టంగా దూరే రెండో ప్రాణిని అప్పుడే చూశాను.

"గాలి గొట్టం నలిగిపోయింది" కింది నుంచి వచ్చింది మాట. "పెద్ద పంపు పెట్టి ట్యాంకు మళ్లీ బిగించినప్పుడు ఇరుక్కుంది. పాత మూతైతే కాస్తో కూస్తో గాలి రానిచ్చేది. ఈ సోకుల మూత అదీ రానివ్వదు."

"మరి మీ షాపులో ఎందుకు తుమ్మలేదు?"

ఫోన్ లైటు ఆర్పి బయటికొచ్చింది.

"ప్రతిసారీ ముందు మూత తీసింది నేనే కదక్కా. గాలి నేనే పోసి, రోగం లేదన్నాను."

మూత వదులుగా పెట్టి, మెల్లగా కిందికి దిగాం. మా మరిది రాయి మీంచి లేచాడు. నన్ను చూడలేదు, కారునీ చూడలేదు.

"గాలి గొట్టం నలిగింది. బిగించింది మీరే" అంది ఆ అమ్మాయి నేల చూస్తూ.

"నేనే. నా పొరపాటే" అని వెంటనే ఒప్పేసుకున్నాడు. "తుమ్మిందా?"

"తుమ్మింది."

పెద్ద బరువు దించినట్టు నిట్టూర్చాడు. తర్వాత ఏ ధైర్యం వచ్చిందో, నా ముందే అనేశాడు.

"మీరు ఆ రోజు అన్నదాంట్లో సగం నిజమండీ. తుమ్ము కల్పించలేదు. కానీ తుమ్మినప్పుడల్లా సంతోషించాను, మీ దగ్గరికి రావచ్చని. మీరు కళ్లు మూసుకుని ఇంజను వింటుంటే, నా మాట కూడా ఎవరైనా అంత శ్రద్ధగా వింటే చాలనిపించేది. ఇక తుమ్మదు కాబట్టి చెప్పేస్తున్నాను."

ఆ అమ్మాయి మెడ దాకా ఎర్రబడింది. "గొట్టం మార్చాలి. షాపుకి తీసుకురండి."

"గేటు తొక్కొద్దన్నారు."

"కారు రావచ్చు" అని గభాల్న సీట్లో కూర్చుంది.

కారుతో పాటు నేనూ వెళ్లాను. మా మరిది ఆటోలో వెనకే వచ్చి, ఆ అమ్మాయి అన్న మాటే పట్టుకున్నాడు. గేటు బయటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రమ్మని సైగ చేస్తే తల అడ్డంగా ఊపాడు. మొండితనంలో వాళ్లన్నయ్యే నయం.

కొత్త గొట్టం వేసి, వదులుగా ఉన్న మూత మళ్లీ గట్టిగా బిగించారు. కారును రోలర్ల మీద కట్టారు. ఈసారి ఆ అమ్మాయి పెట్రోలు క్యాన్ ముట్టుకోలేదు, మూత ముట్టుకోలేదు. మళ్లీ ఆ హోరు. ఆగకుండా చాలాసేపు తొక్కింది. గేజ్ ముల్లు పైకి లేచి, దీపం ఒత్తిలా అలాగే నిలబడింది. ఎవరూ ఊపిరి తీయలేదు, కారు తప్ప.

ఇంజను ఆగాక ఓనరు గారు దగ్గరికొచ్చారు. "ఇంతకీ ఏమైంది తల్లీ?"

ఆ అమ్మాయి దిగింది. చేతులు గుడ్డకి తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకుంది. ఆ రోజు విన్నవాళ్లంతా అక్కడే ఉన్నారు. గేటు దాకా వినపడేలా గొంతెత్తింది.

"ఆయన నిజమే చెప్పారు నాన్నా. కారుకి జబ్బుంది. ప్రతిసారీ మూత తీసి దాన్ని దాచింది నేను. అందరి ముందూ ఆయన్ని అబద్ధాలకోరన్నాను. తప్పు నాది."

గేటు బయట మనిషి కదల్లేదు. ఓనరు గారు కూతుర్ని చూశారు, గేటు వైపు చూశారు, మీసంలో నవ్వుకున్నారు.

"ఇంకో మాట కూడా అన్నట్టున్నావు. గేటు తొక్కొద్దనో ఏదో?"

ఆ అమ్మాయి గేటు దగ్గరికి నడిచింది. గడియ తీసింది. రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

"అదీ తప్పే" అంది.