పెదబాబు గారి రిలీవర్

భీమవరం ఐస్ ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళుగా కంప్రెసర్ నడుపుతున్నాను. అమోనియా లీకైన రోజు మగాళ్ళంతా గోడ దూకితే, వాల్వు కట్టేసింది నేను. ఇది చదివి "ఆడది కదా, బెదిరిపోయింది" అనే వాళ్ళుంటే ఇప్పుడే పేజీ తిప్పేయండి.

నాకున్న పిచ్చి ఒక్కటే, బొమ్మ రైళ్ళు. పదో తరగతి తప్పినదాన్ని. పాత పుస్తకాల బండి మీద దొరికిన రైల్వే రూల్ పుస్తకాలు చదివి సిగ్నళ్ళూ పాయింట్లూ నేర్చుకున్నాను. మా క్లబ్బులో ఆరుగురం. నెలకో ఆదివారం ఒకరింట్లో చేరి, వాళ్ళు కట్టుకున్న బుల్లి రైలుమార్గం మీద టైంటేబుల్ ప్రకారం బళ్ళు నడుపుతాం.

ఆ ఆదివారం రాజమండ్రిలో పెదబాబు గారిల్లు. ఆయన రిటైరైన స్టేషన్ మాస్టరు. ఏడాది కిందట ఆ రైలు గదిలోనే, కుర్చీలో కూర్చునే పోయారు. ఆయన భార్య అచ్చాయమ్మ గారు మమ్మల్ని పిలిచి, "పట్టాలు తుప్పు పడుతున్నాయమ్మా, కాస్త నడిపి వెళ్ళండి" అన్నారు.

మేడ మీద రెండు గదులు. మధ్య గోడకు కన్నం పెట్టి పట్టాలు వేశారు. ఈ గదిలో ఒక స్టేషను, ఆ గదిలో ఒకటి. రెంటి మధ్యా మాటలుండవు, గంటలే. రెండు కొడితే 'ఉన్నావా?' అని. తిరిగి రెండు కొట్టాలి, 'ఉన్నాను' అని.

ఈ గదికి కిటికీల్లేవు. మూసేసి ఆకాశం రంగు వేశారు. చుట్టూ నడుమెత్తు బల్ల, దాని మీద కొబ్బరితోటలు, కాలవలు. తలుపు దగ్గర మాత్రం గోదారి వంతెన, పైకి లేపేది. తలుపు లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి వంతెన దించితే ఇక తలుపు కదలదు. వంతెన మీద బండి ఉంటే వంతెనకి తాళం పడుతుంది. అవతలి స్టేషన్ వాళ్ళు మీట నొక్కితేనే విడుతుంది.

"సూర్యకళ గారూ, మీరు గూడ్సు షంటింగ్ చూసుకోండి. మెయిన్ లైన్ మాకొదిలేయండి" అన్నాడు మా సెక్రటరీ యుగంధర్.

"మీ మెయిన్ లైన్ బండి ఇందాక కాలవలో పడిందండీ. ముందు దాన్ని తీసుకోండి."

అని వెళ్ళి పెదబాబు గారి కుర్చీలో కూర్చున్నాను. బల్ల మీద డ్యూటీ రిజిస్టరు ఉంది. చివరి వరసలో ఆయన చేతిరాత: 'చార్జి తీసుకున్నాను.' పక్కన 'అప్పగించాను' అనే గడి ఖాళీ. ఖాళీ గడి చూస్తే నా చెయ్యి ఊరుకోదు. కింద వరసలో రాశాను: 'పెదబాబు గారి నుంచి చార్జి తీసుకున్నాను. సూర్యకళ.'

కుర్చీ కిర్రుమంది. దాని మీంచి ఎవరో లేచినట్టు.

ఒంటిగంటకి అందరూ భోజనాలకి దిగారు. టైంటేబుల్ లెక్క ప్రకారం ఒక ప్యాసింజరు బండి మిగిలింది. అది పంపి వస్తానని వంతెన దించాను. బయట వాన మొదలైంది.

పక్క గదిలోంచి రెండు గంటలు.

తిరిగి రెండు కొట్టాను.

గోడ కన్నంలోంచి ఒక బండి వచ్చింది. మూడు పెట్టెలు, ఎర్రమట్టి రంగు. ఏ డబ్బాలోనూ నేను చూడని బండి. నెమ్మదిగా వచ్చి వంతెన మీద ఆగింది. తాళం టక్కుమంది.

యుగంధర్‌కి ఫోన్ చేశాను. "పరాచికాలు చాలు, వంతెన వదలండి."

"ఏ వంతెనండీ? కింద పులిహోర తింటున్నా. పక్క గది తాళంచెవి నా జేబులోనే ఉంది."

ఫోన్ చెవి దగ్గర ఉండగానే... మళ్ళీ రెండు గంటలు.

మెయిన్ స్విచ్చి కట్టేశాను. గది చీకటైంది. ఆ పెట్టెల కిటికీల్లో వెలుతురు మాత్రం ఆరలేదు. ఒండ్రు మట్టి వాసన, బీడీ వాసన. బండిని ఎత్తబోయాను. అరచేతిలో ఇమిడే బొమ్మ. కదల్లేదు. వెచ్చగా ఉంది... ఒంటి వెచ్చదనం.

గంట. రెండు. జవాబివ్వలేదు. గంట. గంట. గంట. చెవులు మూసుకున్నా ఆగలేదు. కొట్టాను, 'ఉన్నాను' అని. ఆగింది.

యుగంధరూ వాళ్ళూ వచ్చి తలుపు తోశారు. ప్లైవుడ్డు వంతెన, నలుగురు మగాళ్ళు. గీత పడలేదు. గడ్డపార కోసం కిందికి పరిగెత్తారు.

తలుపు సందులోంచి అచ్చాయమ్మ గారి గుసగుస. "అమ్మా, రిజిస్టర్లో సంతకం పెట్టావా?"

"పెట్టాను."

"డ్యూటీ అందుకునే రిలీవరు రాకుండా కుర్చీలోంచి లేవరమ్మా స్టేషన్ మాస్టర్లు. ఆయన ఏడాదిగా ఆ గంటకి జవాబు కొడుతూనే ఉన్నారు. ఇందాక ఆయన మెట్లు దిగిపోయిన చప్పుడైంది."

"అందుకా మమ్మల్ని పిలిచారు?"

ఆమె ఏడ్చేసింది. "నాకు అప్పగించినట్టు రాసెయ్, తల్లీ. తప్పు నాది."

కలం తీశాను. ఆమె పేరు రాయడానికి చెయ్యి రాలేదు. యుగంధర్ పేరు రాయబోయాను. సిగ్గు లేకుండా చెబుతున్నా, 'యు' అని రాశాను కూడా. కొట్టేశాను. ఎంత నోటి దురదున్నా మనిషే కదా. చివరికి లేని మనిషికి ఒక పేరు కల్పించి రాశాను. 'ఐజాక్‌కు అప్పగించాను.'

వెనక కుర్చీ కిర్రుమంది. ఎవరో కూర్చున్నారు.

"నేను చూసుకుంటానండీ" అంది ఒక గొంతు, ఎంతో మర్యాదగా. "మళ్ళీ మీ డ్యూటీకి వచ్చేయండి."

తాళం విడింది. వంతెన లేపి బయటపడ్డాను, వెనక్కి చూడలేదు.

నిన్న అచ్చాయమ్మ గారు ఫోన్ చేశారు. "అమ్మా, ఐజాక్ గారి ఎనిమిది గంటల డ్యూటీ ఎప్పుడో దాటిపోయిందట. నువ్వెప్పుడొస్తావని అడుగుతున్నారు."

ఆ పేరు నేనెవరికీ చెప్పలేదు. ఆమెకు చదువు రాదు.

"నేను రాను" అన్నాను గట్టిగా.

ఫోన్లో, దూరంగా, రెండు గంటలు.

ఫోన్ పెట్టేశాను. అప్పుడు చూసుకున్నాను... నా వేలు బల్ల మీద ఉంది. అప్పటికే రెండుసార్లు కొట్టేసింది.