దారానికి అవతలి కొస

అయిదో తరగతి పిల్లలకు సరళరేఖ పాఠం చెప్పేటప్పుడు నేను సుద్దముక్క వాడేవాణ్ణి కాదు. ఇద్దర్ని లేపి, ఒక దారం ఇచ్చి, చెరో కొసా పట్టుకోమనేవాణ్ణి. ఒకడు బిగించి రెండోవాడు వదిలేస్తే ఏమవుతుందిరా అంటే, వంకర పోతుంది మేష్టారూ అని తరగతంతా అరిచేది. ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం. ఇప్పుడు మానేశాను. ఎందుకు మానేశానో చెబుతాను.

మా బడి గేటు దాటితే పెద్ద రోడ్డు. కుడివైపు కాస్త దూరంలో మలుపు. పిల్లలు దాటే చోట జీబ్రా పట్టీలు అరిగి అరిగి, ముసలాయన నోట్లో పళ్ళలా అక్కడొకటి ఇక్కడొకటి మిగిలాయి. ముందు బడి ఉందని చెప్పే బోర్డు మీద ఇద్దరు పిల్లల బొమ్మ ఉండేది. ఎండకు వెలిసిపోయి ఒక పిల్లే మిగిలింది. నేను ఈ బడికి బదిలీ మీద వచ్చినప్పటి నుంచి, పద్నాలుగు నెలలు, రోడ్ల ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. బోర్డు మార్చారు. పట్టీలు మాత్రం పడలేదు. ఉత్తర్వు ఎప్పుడో వెళ్ళింది, గీతలాయనే రావడం లేదు అనేవాడు గుమాస్తా.

గీతలాయన అంటే రోడ్డు మీద గీతలు వేసే ఆయన. ఒకసారి రంగు అయిపోయిందన్నాడు. ఇంకోసారి రోడ్డు తడిగా ఉంది, రంగు అంటదన్నాడు. ఎండలు మండిపోతున్న నెలలో కూడా తడేనా అని పదిమంది ముందు అడిగాను. మా పిల్లల్లో ఒకరు పోతేగానీ నీ కుంచె తడవదా అని కూడా అన్నాను. ఆయన తలెత్తలేదు. ఆ మాట ఈ రోజుకీ నా గొంతులో ముల్లులా ఉంది.

చివరికి ఒక ఆదివారం సాయంత్రం వచ్చాడు. బడికి సెలవు, రోడ్డు వేడి తగ్గింది, బళ్ళు పలచబడ్డాయి. తోపుడుబండి మీద రంగు డబ్బాలు, లాంతరు, నీలం పొడి పట్టించిన పొడుగాటి దారం. ఒక్కడే ఉన్నాడని, అవతలి కొస నేను పట్టుకుంటానన్నాను.

"ఆ కొసన ఎవర్నీ కూర్చోబెట్టను మేష్టారూ," అన్నాడు.

మలుపు వైపు వెళ్ళి, రోడ్డు నడిమధ్యన ఇనుప మేకు దిగ్గొట్టి, దారం ముడి దానికి తగిలించి, బడి ముందుకొచ్చి కూర్చున్నాడు. ముందు నడిమి గీత పడాలి, దాన్ని బట్టే పట్టీలు కొలుస్తారట. దారాన్ని బిగించి, కాస్త పైకెత్తి వదిలితే రోడ్డు మీద నీలిగీత అచ్చుపడుతుంది.

రంగు కలుపుతూ, నన్ను చూడకుండానే, మెల్లగా చెప్పుకొచ్చాడు. ఇదివరకు ఆ కొస ఆయన భార్య పట్టుకునేది. బళ్ళ రొదలో కేకలు వినపడవు గనుక ఇద్దరూ దారంతోనే మాట్లాడుకునేవారు. ఒకసారి లాగితే, బిగించి పట్టు. రెండుసార్లయితే, సరిపోయింది, కొట్టు. మూడుసార్లయితే, బండి వస్తోంది, లేచి పక్కకు పో. ఒకరు వదలకుండా రెండోవాళ్ళు వదలకూడదని నియమం. ఆవిడకు కొంటెతనం ఎక్కువ. ఏ బండీ లేకపోయినా మూడుసార్లు లాగేది. ఈయన కుంచె పారేసి పరిగెడితే, కూర్చున్నచోటే పొట్ట పట్టుకుని నవ్వేది. గీత దగ్గర మాత్రం ఆటలు లేవు. కూరలో ఉప్పెక్కువైతే మనమిద్దరమే తింటాం, రోడ్డు మీద గీత వంకరైతే లోకమంతా దాని వెంట నడుస్తుంది అనేదట.

రెండేళ్ళ కిందట, ఇక్కడే, ఇదే గీత. ఆ రోజు అప్పటికే రెండుసార్లు ఆట పట్టించింది. ఇంకోసారి మూడు లాగుళ్ళు వచ్చాయి. మళ్ళీ మొదలెట్టిందనుకుని, తలెత్తకుండానే, ఈయన ఒకసారి లాగాడు. బిగించి పట్టు అని.

"పట్టుకుంది మేష్టారూ."

బడి ముందు ఎవరో ఆవిడ లారీ కింద పడిందని వచ్చిన కొత్తలో విన్నాను. ఎవరని అడగలేదు. పిల్లలకు రోజూ ప్రశ్నలు వేసేవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

చీకటి పడింది. రంగు వాసన, కిరసనాయిలు వాసన. పక్క పొలంలో కీచురాళ్ళు అరుస్తున్నాయి. ఆయన దారం కొస వేలికి చుట్టుకున్నాడు. అంతసేపూ కొద్దిగా జారుగా ఉన్న దారం... తనంతట తాను బిగుసుకుంది.

కీచురాళ్ళు ఆగిపోయాయి.

దారం కదిలింది. ఒకటి... రెండు.

మేకు లాగదు కదా. గాలేమో అనుకున్నాను. గాలి లేదు. లాంతరు మంట నిటారుగా ఉంది. గీతలాయన ముందుకు వంగాడు. దారాన్ని ఎత్తి వదిలాడు. టప్పుమంది. నా జన్మలో అంత తిన్నని గీత చూడలేదు.

దారం మాత్రం సడలలేదు. అలాగే బిగిసి ఉంది. నేనూ వేలు ఆనించి చూశాను. చల్లగా ఉంది. అవతల ఎవరో ఊపిరి బిగబట్టినట్టుంది.

ఒకటి.

రెండు.

మూడు...

మలుపు వైపు చూశాను. వెలుగు లేదు. చప్పుడు లేదు. ఆయన లేవలేదు. నవ్వుతున్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"చూశారా... ఆట పట్టిస్తోంది."

ఆయన వేలు కదలడం చూశాను. ఒకసారి లాగబోతున్నాడు. నేను చొక్కా కాలర్ పట్టుకుని బలంకొద్దీ రోడ్డు పక్కకు ఈడ్చాను. లైట్లు లేకుండా, ఇంజను ఆపి జారుకుంటూ వచ్చిన లారీ ఒకటి మేం కూర్చున్న చోటు మీదుగా వెళ్ళిపోయింది. డబ్బా నలిగి, తెల్లటి చక్రపు జాడ చాలా దూరం సాగింది.

మేం లేచి వెనక్కి వచ్చాం. దారం తెగలేదు. బిగువు తగ్గలేదు. చుట్టబోతే రాలేదు.

"వదిలెయ్యమని చెప్పడానికి మేం ఏ గుర్తూ పెట్టుకోలేదు మేష్టారూ," అన్నాడు గొణుగుతున్నట్టు. "అవసరం పడుతుందనుకోలేదు."

ఆయన తన కొసను మిగిలిన డబ్బా పిడికి కట్టాక, లాంతరు తీసుకుని దారం వెంట నడిచాం. పది అడుగులు... ఇరవై... మేకు ఊడి, పక్కన పడి ఉంది. దారం ముడి నేలను తాకడం లేదు. రోడ్డుకు జానెడు ఎత్తున, గొంతుక్కూర్చున్న మనిషి చెయ్యి ఉండేంత ఎత్తున, గాలిలో నిలిచి ఉంది.

ఆయన దాని ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"ఇంకా పట్టుకునే ఉన్నావుటే... చేతులు నొప్పి పుట్టడం లేదూ?"

నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను. భార్యాభర్తల మాటలు వినకూడదు. లాంతరు మాత్రం వాళ్ళ దగ్గరే ఉంచాను.

తర్వాత మిగిలిన డబ్బాతో నడిమి గీతా, పట్టీలన్నీ వేశాడు. తడి మీద గాజుపొడి చల్లాడు, రాత్రి బళ్ళ వెలుగుకు మెరవాలని. నేను మలుపు దగ్గర లాంతరు ఊపుతూ నిలబడ్డాను. అంతా అయ్యాక తన కొసను రోడ్డు మీద పెట్టి, దాని మీద అరచెయ్యి కాసేపు ఉంచాడు.

"ఈసారి నేనే ముందు వదులుతున్నానే. నువ్వూ వదిలెయ్."

లేచి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. తెల్లారి చూస్తే దారం లేదు. గీత ఉంది, పట్టీలు ఉన్నాయి.

ఇప్పుడూ అప్పుడప్పుడూ ఆఫీసులో కనపడతాడు. నన్ను పక్కకు పిలిచి ఒకటే అడుగుతాడు, వదిలేసిందా మేష్టారూ అని. వదిలేసిందయ్యా అంటాను. పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పే నోటితోనే అంటాను.

ఎందుకంటే రోజూ పిల్లల్ని దాటించేది నేనే. రోడ్డు నడిమికి రాగానే వాళ్ళు కాలు కాస్త ఎత్తి వేస్తారు, గడప దాటినట్టు. అందరూ. నిన్నగాక మొన్న చేరిన ఒకటో తరగతి వాళ్ళు కూడా. ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు.

నిన్న అందరికన్నా చిన్నవాడు నడిమిలో కాలెత్తి అలాగే ఆగిపోయాడు. వెనక వాళ్ళూ ఆగారు. కసురుకోబోయాను. అంతలో మలుపులోంచి లారీ వచ్చి, వాడి ముందు నుంచి మూరెడు దూరంలో దూసుకుపోయింది.

ఇవతలికి తెచ్చి, ఎందుకాగావురా అని అడిగాను.

"దారం కొట్టింది మేష్టారూ. మూడుసార్లు."

వంగి చూశాను. వాడి మోకాలి కింద, సన్నగా, ఇంతైనా వంకర లేకుండా, పచ్చిగా... నీలిగీత.