నోట్లగదిలో అత్తగారు

ఆసుపత్రి నుంచి అత్తగారిని ఇంటికి తీసుకొచ్చిన రోజున కోడలు ఆవిడ సంచీని ఎప్పట్లా వెనకగదిలో పెట్టలేదు. తిన్నగా తీసుకెళ్ళి నోట్లగది గుమ్మం ముందు పెట్టింది. ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడ్డ ముసలావిడ భుజం చుట్టూ చెయ్యి వేసి భర్త వైపు చూసింది. అడగవలసినదంతా ఆ చూపులోనే ఉంది. అయినా కొందరు మగవాళ్ళకు చూపు చాలదు కదా... నోరు విప్పి చెప్పింది. ఇంకొకసారి చెమ్మ తగిలితే ఊపిరితిత్తులు తట్టుకోవని, పొడిగా ఉన్న గదిలోనే పడుకోబెట్టాలని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపిందనీ, ఈ ఇంట్లో పొడిగా ఉన్న గది ఇదొక్కటేననీ చెప్పింది.

ఆయన గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

"ఇందులో మనిషి పడుకుంటే నోట్లు ఏం కావాలి?" అన్నాడు.

లోపల చంటిబిడ్డ నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి మరీ అన్నాడు! కన్నతల్లి ఎదురుగా నిలబడి ఎగశ్వాస పీలుస్తుంటే, ఆయన గొంతు తగ్గించింది కాగితాల కోసం!

అత్తగారికి మాట అనడానికి ఊపిరి ఉండాలి కదా. కోడలి చెయ్యి మెల్లగా నొక్కి, సంచీ తీసుకోమన్నట్టు సైగ చేసి, వెనకగది వైపు నడిచింది.

ఆ వెనకగది గోడలో నీళ్ళగొట్టం ఎప్పుడో చిట్లింది. ఎన్నిసార్లు అతుకు వేయించినా గట్టిగా ఒక వాన పడితే మళ్ళీ నెమ్ము ఎక్కేది. సున్నం పెచ్చులు ఊడిపోయి, ఊడినచోటల్లా నల్లటి బూజు పట్టింది. కప్పుకున్న దుప్పటి తెల్లారేసరికి బరువెక్కి ఉండేది. మొగుడూ పెళ్ళాలు పడుకునే గదిని ఎన్నడో నోట్లకు ఇచ్చేశారు కాబట్టి వాళ్ళు హాల్లో పడుకునేవారు. ఆ హాలుకూ వెనకగదికీ మధ్య ఒక్క గోడే. కోడలి కుట్టుమిషను అక్కడే ఉండేది. బడిపిల్లల చొక్కాలు కుట్టేది ఆవిడ. గోడ అవతల అత్తగారి గుండెల్లో పిల్లికూతలు మిషను చప్పుడును దాటి వినబడేవి. ఒక్కక్షణం ఆగిపోతే, కోడలి కాలు కూడా తొక్కుడుపలక మీద ఆగిపోయేది. మళ్ళీ మొదలయ్యాక గాని కుట్టు ముందుకు సాగేది కాదు.

ఇక నోట్లగది వైభవం చూడాలి! గాలిలో తేమను పీల్చే మిషను అందులో పగలూ రాత్రీ గుర్రుమంటూ ఉండేది. మూలన హీటరు. ప్రతి అరలోనూ చెమ్మ లాగే గుళికల పొట్లాలు. గోడకు గడియారమంత గుండ్రటి పరికరం. తేమ ఎంత ఉందో అందులో ముల్లు చూపించేది. ఆయన ఉద్యోగం తూనికలు కొలతల ఆఫీసులో. దుకాణాల్లో కాటాలు తనిఖీ చేసి ముద్ర వేయడం పని. అందరూ త్రాసుబాబు అనేవారు. మనిషి తప్పు చెప్పవచ్చుగాని ముల్లు తప్పు చెప్పదని ఆయన గట్టి నమ్మకం. ముల్లు ఎంత కిందికి దిగితే నోట్లు అంత క్షేమంగా ఉన్నట్టు. రోజూ ఇంకాస్త దించాలని చూసేవాడు. ఇంకాస్త దిగిన రోజున అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

ఆ నోట్లేమిటంటే, పూర్వం దొరల బ్యాంకులు సముద్రాలు దాటివెళ్ళి రేవు పట్నాల్లో శాఖలు తెరిచి, ఏ శాఖకు ఆ శాఖ నోటు అచ్చేయించుకునేవట. ఆ నోటు ఆ శాఖలోనే చెల్లుతుంది. పక్క రేవుకు పోతే ఉత్త కాగితం. తిరిగొచ్చిన వాటిని కాల్చిపారేసేవారు కాబట్టి, తిరిగి వెళ్ళకుండా ఎక్కడో చిక్కుబడిపోయినవే మిగిలాయి. మిగిలాయి కాబట్టి అపురూపం అయ్యాయి.

ఆదివారం వస్తే, ఆయనలాగే వాటిని పోగుచేసే నోట్లసంఘం వాళ్ళు దిగేవారు. చేతులకు తెల్లటి తొడుగులు, కంటికి భూతద్దాలు. ఊపిరి బిగబట్టి ఒక చింకి కాగితం మీదికి అందరూ ఒకేసారి వంగేవారు. "ఆహా, ఈ మూల ముడత చూశారా" అని ఒకాయన మురిసిపోయేవాడు. ఇంట్లో పెళ్ళాం మొహాన ముడత పడితే ఏనాడైనా తలెత్తి చూశాడో లేదో! నూటికి పైగా ఏళ్ళనాటి మేనేజరు సంతకం ఫలానావాడిదని చూడగానే చెప్పేవాళ్ళు, తమ పిల్లలు ఏ తరగతిలో ఉన్నారని అడిగితే తడుముకునేవారు. కోడలు టీ తెస్తే వరండాలోకి పోయి తాగి రావాలి. ఆవిరి తగిలితే నోట్లకు మచ్చలు పడతాయట. గ్లాసులు మాత్రం వరండాలోనే వదిలి వెళ్ళేవారు. వాటిని ఏరుకోవడానికి ఏ తొడుగులూ అక్కర్లేదు కదా!

వాళ్ళందరి కన్నూ ఒక నోటు మీదే. అది అత్తగారిది.

ఆవిడ భర్త ఓడలో కొలిమికి బొగ్గు వేసేవాడు. ఆఖరి ప్రయాణంలో ఒక రేవులో జీతం కింద ఆ నోటు చేతిలో పెట్టారు. మార్చుకునేలోపలే ఓడ కదిలింది. తెచ్చి భార్యకు ఇచ్చాడు. ఆవిడ ఏ బ్యాంకు మెట్లెక్కినా నవ్వి పంపేశారు. బొగ్గుపొడి నిండిన గుండెలతో ఆయన కొద్దికాలానికే పోయాడు. ఆవిడ ఒక చాకిరేవు కొట్టంలో హోటళ్ళ దుప్పట్లు ఉతికి, పొద్దస్తమానం తడిలో, ఆవిరిలో నిలబడి కొడుకును చదివించింది. ఇప్పుడు కూతలు పెడుతున్న ఆ ఊపిరితిత్తులు అక్కడ పాడైనవే. పస్తులున్న రోజున కూడా ఆ చెల్లని నోటును ఆవిడ పారేయలేదు. నాలుగు మడతలు పెట్టి, నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో దాచుకుంది. ఒంటి చెమటకు మెత్తబడుతూ, ఒంటి వేడికి ఆరుతూ అది ఆవిడతోనే ముసలిదయింది. కొడుక్కి ఈ నోట్ల పిచ్చి పట్టాక ఒకనాడు అడిగితే, "మీ నాన్నది. జాగ్రత్త నాన్నా" అని సంచీ విప్పి ఇచ్చేసింది.

జాగ్రత్తకేం, బ్రహ్మాండమైన జాగ్రత్త! నోటు పొడిగదిలోకి వెళ్ళింది. ఇచ్చిన చెయ్యి నెమ్ముగదిలో మిగిలింది.

వానలు ముదిరాయి. అత్తగారు పడుకోవడం మానేసి, దిండ్లు ఒడిలో పెట్టుకుని ముందుకు వాలి కూర్చునేది. కోడలు ఇస్త్రీపెట్టెతో దుప్పటి వెచ్చజేసి వీపుకు చుట్టేది. మళ్ళీ చూపిస్తే, డాక్టరమ్మ ఈసారి కోడలినే కేకలేసింది. ఆ గదిలోంచి మార్చకపోతే వచ్చేసారి తన దగ్గరికి తీసుకురావడం అనవసరమని మొహం మీదే చెప్పింది. కోడలు ఇంటికొచ్చి భర్తను అడిగింది. ఏడ్చింది. చివరికి కాళ్ళు కూడా పట్టుకుంది. పైవారం సంఘం అధ్యక్షుడు స్వయంగా వచ్చి, సంఘం పెట్టబోయే ప్రదర్శన కోసం నోటును చూస్తారని, అంతవరకూ గదిని కదపడానికి వీల్లేదని ఆయన జవాబు. తరవాత ఆలోచిద్దామన్నాడు. తల్లి ఊపిరికి వాయిదా వేసిన కొడుకును కోడలు అప్పుడే చూసింది. కళ్ళు తుడుచుకుని లేచింది. ఆ తరవాత ఆయన ముందు మళ్ళీ ఏడవలేదు.

ఆదివారం అధ్యక్షుడు వచ్చాడు. వెనక సంఘమంతా వచ్చింది. అందరూ గదిలో కుదురుకున్నాక, కోడలు ఒక కుర్చీ తెచ్చి నడిమధ్య వేసింది. అత్తగారిని నడిపించుకొచ్చి అందులో కూర్చోబెట్టింది. పిల్లికూతలతో గది నిండిపోయింది. తెల్ల తొడుగుల వాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆయన పళ్ళ బిగువున, అమ్మను తీసుకెళ్ళమన్నాడు.

"ఆవిడ నోటే కదండీ. ఆవిడా చూస్తారు," అంది కోడలు.

అధ్యక్షుడు పెద్దమనిషి. ముసలావిడకు నమస్కారం పెట్టి, ఫైలు తెరిచి, సన్నటి పట్టకారుతో నోటు అంచు పట్టుకుని పైకెత్తాడు.

చిన్న చప్పుడైంది. ఎండుటాకు మీద కాలు పడినట్టు... అంతే. నోటు మడత వెంట నిలువునా విరిగి, సగం పట్టకారుకు వేలాడింది, సగం బల్ల మీద పడింది. పడిన సగం మళ్ళీ రెండయింది. అంచుల నుంచి పొట్టు రాలింది.

అధ్యక్షుడు పట్టకారు కింద పెట్టి, గోడ మీది ముల్లు దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని చూశాడు. మిషను చూశాడు, హీటరు చూశాడు. అరలోంచి ఒక పొట్లం తీసి చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేం పనయ్యా," అన్నాడు. "కాగితమంటే నార. నారకు కాస్త తడి ఉండాలి. నువ్వు దీన్ని అప్పడంలా ఎండబెట్టావు. మిషను ఎందుకు, ఈ గదిలో ఒక మనిషి పడుకుని ఊపిరి పీల్చి వదిలినా దీనికి సరిపోయేది." తరవాత అత్తగారి వైపు తిరిగి, అంతకుముందు దీన్ని ఎక్కడ దాచారమ్మా అని అడిగాడు.

అత్తగారు ఆయాసం ఆపుకుని నడుం మీద చెయ్యి వేసి చూపించింది.

"అక్కడే బాగుండేది," అని అధ్యక్షుడు లేచాడు. సంఘం మొత్తం ఆయన వెనకే వెళ్ళిపోయింది. టీ కూడా తాగలేదు. ఓదార్పు మాట చెప్పినవాడూ లేడు. ఒకాయన మాత్రం గుమ్మం దాటుతూ, మిగతా నోట్లు ఎలా ఉన్నాయోనని వెనక్కి తిరిగి ఆశగా చూశాడు.

త్రాసుబాబు నేల మీద కూలబడి ముక్కలు ఏరుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. తల్లికి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టినప్పుడు పేపరు తిరగేస్తూ కూర్చున్న మనిషి! కోడలు ఆ కన్నీళ్ళను, ఎవరో వీధిలో ఒలకబోసిన నీళ్ళను చూసినట్టు చూసింది. చూసి, అత్తగారిని లేపుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆయన వెనకగది గుమ్మం దగ్గరికి వచ్చాడు. చాలాసేపు గొణిగాడు. చివరికి తేలిందేమిటంటే, అమ్మ ఇవాళ్టి నుంచి నోట్లగదిలో పడుకోవచ్చు. మిషను తగ్గించి పెడతాడు. అధ్యక్షుడుగారు చెప్పారు కదా... మనిషి ఉంటే మిగతావైనా దక్కుతాయి.

కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ పళ్ళ వెనక దాచిన మాట బయటపడింది.

"మీ అమ్మ ఊపిరి మీ అమ్మకు కావలసినప్పుడు గది లేదు. మీ కాగితాలకు కావలసొచ్చేసరికి దొరికింది. సిగ్గు లేదండీ మీకు? ఆవిడేమన్నా నీళ్ళకుండా, తీసుకెళ్ళి మూలన పెట్టడానికి? రారు. ఆవిడా రారు, నేనూ పంపను."

ఆయన తల దించుకున్నాడు. అప్పుడు మంచం మీది నుంచి అత్తగారి గొంతు వచ్చింది. మాటకూ మాటకూ మధ్య ఆగుతూ, ఊపిరి కూడదీసుకుంటూ...

"అమ్మాయ్, దుప్పటి మడతపెట్టు. గది ఇచ్చాడు కదా. ఎందుకిచ్చాడో నా ఊపిరితిత్తులకు తెలీదులే."

కోడలు గోడకు మొహం తిప్పుకుని బావురుమంది. ఎంత మనసమ్మా ఇది! తను పౌరుషానికి పోయి కాదన్న బతుకును, ఆవిడ అవమానంతో సహా మడిచి చంకన పెట్టుకుంది. అదైనా ఆవిడ ప్రాణం కోసమేనా... కొడుకు పాపం కాస్త తగ్గించడానికేమో కూడా!

అలా అత్తగారు నోట్లగదిలో చేరింది. అరల పక్కనే మంచం. రోజులు గడిచేకొద్దీ కూతలు సన్నబడ్డాయి. వెల్లకిలా పడుకోగలిగింది. ఆయన ఆఫీసుకు వెళ్ళేముందు రోజూ గదిలోకి వచ్చి, ముల్లు చూసి, తల ఊపి వెళ్ళేవాడు. మంచం వైపు చూసేవాడు కాదు. సిగ్గు వల్లో, అలవాటు వల్లో ఆయనకే తెలియాలి.

ఒక సెలవురోజు మధ్యాహ్నం ఆయన ఎప్పట్లా వచ్చి ముల్లు ముందు నిలబడ్డాడు. నిలబడినవాడు ఉన్నట్టుండి తల తిప్పి చెవి ఒగ్గాడు. ఇంట్లో ఏదో తక్కువైంది. ఎన్నో ఏళ్ళుగా వింటూ వింటూ వినడం మానేసిన ఆ పిల్లికూత... లేదు! తల్లి కదలకుండా పడుకుని ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

తడబడుతూ వెళ్ళి మంచం పక్కన మోకాళ్ళ మీద పడ్డాడు. చెయ్యి తీసుకెళ్ళి ఆవిడ ముక్కు దగ్గర పెట్టాడు. కాసేపటికి గోరువెచ్చగా, కొంచెం తడిగా ఊపిరి వచ్చి ఆయన వేళ్ళకు తగిలింది. మళ్ళీ తగిలింది. ఆయన చెయ్యి తీయలేదు. టీ తెస్తూ గుమ్మంలో ఆగిపోయిన కోడలు ఇదంతా చూస్తూనే ఉంది.

అత్తగారు కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ముల్లు సరిగ్గా ఉందా నాన్నా?"

ఎత్తిపొడుపు అయినా బాగుండేది. ఆవిడ నిజంగానే అడిగింది. తన వల్ల కొడుక్కి కాస్త ఉపయోగం ఉందో లేదో తెలుసుకోవడానికి అడిగింది. ఆయన తల్లి అరచేతిని తీసుకుని మొహం అందులో దాచుకున్నాడు. ఆ చేతి నిండా సబ్బునీళ్ళు తినేసిన గీతలు. ఏ భూతద్దంతోనూ ఆయన ఎన్నడూ చూడనివి.

కోడలు ఆయన్ని క్షమించలేదు. క్షమించడానికి ఇంకా చాలా రోజులు పట్టవచ్చు, పట్టకపోవచ్చు. లోపలికి వచ్చి, పొగలు కక్కుతున్న టీ గ్లాసును నోట్ల ఫైళ్ళ పక్కనే ఠక్కుమని పెట్టింది. ఆవిరి మెల్లగా లేచి అరల మీదికి పాకింది. ఆయన తలెత్తి చూశాడు. తీసెయ్యమనలేదు. తనే లేచి, దిండ్లు ఎత్తుగా సర్ది, తల్లిని ఆనించి కూర్చోబెట్టి గ్లాసు చేతికి అందించాడు.

అత్తగారు గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, తీరిగ్గా ఊదుకుంటూ తాగింది.